సద్దు చెయ్యని ఆట

ఆండియప్ప క్లబ్బు నుంచి రిటైరై ఆరేళ్ళు, ఆయన కళ్ళు రిటైరై మూడేళ్ళు. చెవులు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి.

కోయంబత్తూరు రేస్‌కోర్సు వైపు ఉన్న ఆ పాత క్లబ్బులో, స్క్వాష్ కోర్టు అద్దం గోడ వెనక, మొదటి వరుసలో కుర్చీ అంచున కూర్చుని ఆయన ఫైనల్ ఆట వినబోతున్నాడు. నీటికాసుల జబ్బు మిగిల్చిన చూపులో కోర్టు ఒక తెల్లటి వెలుతురు ముద్ద. అందులో రెండు నీడలు ఈదుతున్నాయి. ఏది కూతురి నీడో చూసి చెప్పలేడు గానీ విని చెప్పగలడు. బంతి ఎదురు గోడకు తగిలితే ఒక చప్పుడు, పక్క గోడకు తగిలితే ఇంకొకటి, ఎదురు గోడ అడుగున మూరెడెత్తు రేకు ఉంటుందే, దానికి తగిలితే టంగుమని వేరొకటి. ఆ రేకుకు తగిలిందంటే బంతి డౌన్, పాయింటు పోయినట్టే. ఈ చప్పుళ్ళ మధ్య అడుగులు, ఊపిర్లు, బూటు కీచుమనడాలు. చూపున్నవాళ్ళకు ఇవన్నీ వినపడవు పాపం, చూడ్డానికే సరిపోతుంది.

ఆయన ఇక్కడ ముప్పైనాలుగేళ్ళు మార్కర్‌గా పని చేశాడు. మార్కర్ అంటే కోర్టు తుడిచేవాడు, బంతులు అందించేవాడు, ఆట రాని దొరలకు నేర్పేవాడు, వచ్చిన దొరలు ఆడుతుంటే గెలుపోటములు పలికేవాడు. అన్నీ ఒక్కడే. ఆయన డౌన్ అంటే డౌనే. ఒకసారి ఒక మిల్లు యజమాని కొట్టిన బంతి రేకుకు తగిలింది. తగల్లేదని ఆయన, తగిలిందని ఈయన. ఫలితం, నెల్లాళ్ళు ఎండలో టెన్నిస్ మైదానంలో గడ్డి పీకించారు. గడ్డి పీకుతూ కూడా డౌనే అన్నాడు. చెప్పిన మాట మార్చుకోవడమంటే ఆండియప్పకు చెప్పులతో కోర్టులోకి నడవడంలాంటిది.

ఆ మొండితనమే ఇప్పుడు కూతురి మెడకు చుట్టుకుంది.

కళైవాణికి ముప్పైరెండేళ్ళు. పద్నాలుగేళ్ళుగా ఆటే ఉద్యోగం. ఒకప్పుడు ప్రపంచ ర్యాంకు డెబ్బై ఒకటి దాకా వెళ్ళింది, ఇప్పుడు రెండువందలు దాటింది. రోజూ పొద్దున మంచం దిగేటప్పుడు మోకాలు పట్టేసి, ఎవరికీ వినపడకుండా ఒక మూలుగు మూలుగుతుంది. ఎవరికీ అంటే తండ్రికి తప్ప. ఆ మూలుగు గోడ ఇవతలినుంచి వినీ వినీ, పోయిన నెల ఒకరోజు అన్నం తింటూ ఆయన తీర్పు చెప్పేశాడు. మన క్లబ్బులో జరిగే ఈ టోర్నమెంటు గెలిస్తే ఇంకొక ఏడాది ఆడు, లేకపోతే కారమడై దగ్గరి పెద్ద పళ్ళికూడంలో పిల్లలకు ఆట నేర్పే కోచ్ ఉద్యోగం కాచుకుని ఉంది, సోమవారం పోయి చేరు. వాణి "సరి నైనా" అన్నది, అంతే. ఆయన భార్య ముత్తులక్ష్మి మాత్రం, బిడ్డ కాలు బిడ్డది, ఆట బిడ్డది, మధ్యలో నీ తీర్పేమిటని రెండు రోజులు ఆయన మజ్జిగలో ఉప్పు వెయ్యలేదు. ఆయన చప్పటి మజ్జిగ తాగాడు గానీ మాట మార్చలేదు.

ఇవాళ శనివారం. సోమవారానికి మధ్యలో ఈ ఒక్క ఆట ఉంది.

ఆటకు ముందు ఇద్దరూ బంతిని వెచ్చ చేస్తున్నారు. నల్లటి చిన్న రబ్బరు బంతి అది. చల్లగా ఉంటే మట్టిముద్దలా నేలకు అతుక్కుపోతుంది, కొట్టి కొట్టి వేడెక్కిస్తేనే ఎగురుతుంది. ఆ నిదానపు టప్పు టప్పుల్లో ఆండియప్ప ఎటో తేలిపోయాడు. తెల్లవారుజాము, నాలుగున్నర. సైకిలు ముందు కడ్డీ మీద పదేళ్ళ పిల్ల. తడిగుడ్డ వాసన. లైటు వెయ్యకూడదు, వీధి దీపం వెలుగు పై కిటికీలోంచి జారి నేల మీద చాపంత పడితే ఆ చాప మీదే ఆట. చలికాలం బంతి ఎంతకీ వేడెక్కకపోతే టీ గ్లాసుకు ఆనించి వెచ్చ చేసి ఇచ్చేవాడు. పనివాళ్ళ పిల్లలు కోర్టులో కాలు పెట్టరాదని బోర్డు ఉన్న రోజులవి. సరిగ్గా కోర్టు మీదనే క్లబ్బు సెక్రటరీ గది, మిలిటరీలో చేసివచ్చిన మనిషి, పిల్లి నడిచినా లేచి కూర్చునే నిద్ర.

"సద్దు రాగూడదు అమ్మిణీ. సద్దు వస్తే మన బువ్వ పోతాది" అనేవాడు ఆండియప్ప.

పిల్ల సద్దు చెయ్యకుండా నేర్చుకుంది. పసిబిడ్డను జోకొట్టినట్టు గోడను తాకేది. బంతి వెళ్ళి మూలన పడి, అక్కడే నిద్రపోయేది. నాలుగేళ్ళ తరువాత ఒక తెల్లవారుజామున సెక్రటరీ లుంగీతోనే దిగి వచ్చాడు. ఆయన వాకిట్లో నిలబడి పది నిమిషాలు చూసి, పైకి వెళ్ళిపోయి, మరునాడు ఒక పాత రాకెట్టూ, పిల్ల ఇక్కడ ఆడుకోవచ్చునని కాగితమూ పంపాడు. అనుమతి వచ్చింది గానీ భయం పోలేదు. "సద్దు రాగూడదు" అనే మాట ఆయన నోట్లో అలాగే ఉండిపోయింది.

ఆ మెత్తని ఆటతోనే వాణి చెన్నై వెళ్ళింది, మలేషియా వెళ్ళింది, కైరో వెళ్ళింది. ఈజిప్టు పిల్లలు గోడ పగిలిపోయేట్టు కొడుతుంటే, ఈమె ఒక్కొక్క బంతినీ ఓపికగా మూలన పడుకోబెట్టేది. గట్టిగా కొట్టమ్మా, భుజంలో బలం ఉంది కదా అని విదేశాల కోచ్‌లు మొత్తుకున్నారు. చెయ్యి రాలేదు. ఏ దేశంలో ఉన్నా ఆటకు ముందు ఇంటికి ఫోన్ చేసేది, ఆండియప్ప ఏ మూలకు ఎలా వెయ్యాలో తెలుగులో చెప్పేవాడు, పక్కన ఎదుటి ఆటగత్తె కూర్చుని ఉన్నా ఫరవాలేదు. ఇంగ్లీషు అందరిదీ, తమిళం ఊరిదీ, తెలుగు తమ ఇంటిది. ఆయన లెక్కలో తెలుగంటే కోయంబత్తూరు, మదురై, దిండిగల్ వరకు ఉండేది. ఆ పైన ఎక్కడో ఆంధ్రా అనే చోట కూడా మాట్లాడతారని విన్నాడు. అక్కడితో సరి.

ఇవాళ ఎదురుగా ఆడుతున్నది లక్ష్మిప్రియ, పంతొమ్మిదేళ్ళ పిల్ల, మహారాష్ట్ర నుంచి వచ్చింది. తన కోచ్‌తో హిందీ మాట్లాడుతోంది, రెఫరీతో ఇంగ్లీషు. ఇంకేం కావాలి? ఆండియప్ప నిశ్చింతగా నోరు తెరిచాడు.

ఐదింట మూడు ఆటలు గెలవాలి. మొదటి ఆట వాణి పదకొండు–ఏడుతో గెలిచింది. ఆటకూ ఆటకూ మధ్య రెండు నిమిషాల విరామం. వాణి బయటికి వచ్చి తండ్రి ముందు గొంతుక్కూర్చుంది. రెండు గజాల దూరంలో ఆ పిల్ల తువ్వాలుతో మొహం తుడుచుకుంటోంది.

"కుడిపక్క ముందు మూలకు ఆ పిల్ల రాలేదు అమ్మిణీ. ఏనుగు పిల్ల మాదిరి ధన్ ధన్ అని అడుగులు, నాకు వినబడతాండాయి. ఆడనే మెత్తంగా వెయ్యి. పది వేస్తే ఎనిమిది నీకే" అన్నాడు.

వాణి వేసింది. మెత్తగా, అందంగా, కుడివైపు ముందు మూలకే. ఆశ్చర్యం ఏమిటంటే ఏనుగు పిల్ల ప్రతిసారీ అక్కడే ఉంది. రెండో ఆట పోయింది. విరామంలో ఆండియప్ప, అయితే ఎత్తుగా లేపి ఎడమవైపు వెనక మూలకు పంపమన్నాడు, ఆ పిల్లకు తల మీది బంతి కొట్టడం రాదన్నాడు, నేర్పినవాడెవడో సగం నేర్పి వదిలేశాడని కూడా ఒక మాట అన్నాడు. మూడో ఆటలో వాణి బంతిని ఎత్తుగా లేపింది. ఆ పిల్ల ఎడమవైపు వెనక మూలన బస్టాపులో నిలబడినట్టు నిలబడి, వచ్చిన ప్రతి బంతినీ ఎక్కింది. పదకొండు–నాలుగు.

ఆ ఆట మధ్యలోనే ఆండియప్పకు ఒక సంగతి వినపడింది. ముందు రాకెట్టు చప్పుడు రావాలి, తరువాత ఎదుటి మనిషి అడుగు కదలాలి. ముప్పైనాలుగేళ్ళు ఆయన విన్న వరస అది. ఇక్కడ అడుగు ముందు పడుతోంది, వాణి రాకెట్టు తరువాత మోగుతోంది. బంతి ఎటు వస్తుందో తెలిసినట్టు పరిగెడుతోంది ఆ పిల్ల. ఎవరు చెప్పారు?

విరామంలో వాణి వచ్చి కూర్చుంది. రొప్పుతోంది. ఇంకొక ఆట పోతే సోమవారం బస్సే. ఆయన కూతురితో ఏమీ చెప్పలేదు. అటు పక్క నీళ్ళ సీసా గటగటమంటున్న వైపు మొహం తిప్పి, మామూలు గొంతుతో, ఇంట్లో మనవరాలికి చెప్పినట్టు, "నీళ్ళు అట్ల ఒకే గుక్కలో తాగితే పొట్ట పట్టుకుంటాది అమ్మిణీ. మెల్లంగా తాగు" అన్నాడు.

గటగట ఆగిపోయింది.

గోడలకు చెవులుంటాయని ఊరంతా అంటుంది. నాలుగు గోడల మధ్య బతుకంతా గడిపినవాడు ఆ ఒక్క సామెతా మరిచిపోయాడు. ఆ పిల్లకు కూడా తను దొరికిపోయానని అప్పుడే తెలిసినట్టుంది. సీసా మూత పెట్టి, రెండడుగులు దగ్గరికి వచ్చింది.

"నాకు అంతా సమజైతది తాతా. మాది సోలాపూర్. ఇంట్ల తెలుగే, మా నానమ్మ మగ్గం కాడ తెలుగే మాట్లాడ్తది" అన్నది చిన్న గొంతుతో. "మీరు చెప్తుంటే ఇనబుద్ధయింది. తప్పే" అని కూడా అన్నది.

ఆండియప్పకు మొదట సిగ్గేసింది. ఏనుగు పిల్ల అన్నాడు, సగం చదువన్నాడు, అదీ ఒక ఆడపిల్లను పట్టుకుని, ఆమె ముందే. ఆ సిగ్గు వెనకనే ఇంకొకటి వచ్చింది, దానికి ఆయన దగ్గర పేరు లేదు. ఎక్కడో మహారాష్ట్రలో, తను పేరైనా వినని ఊళ్ళో, ఒక ముసలమ్మ మగ్గం దగ్గర కూర్చుని తన ఇంటి భాష మాట్లాడుతోంది. తన ఇల్లు తను అనుకున్నదానికంటే చాలా పెద్దదన్నట్టు, తెలియని గదులింకా ఉన్నాయన్నట్టు అనిపించింది. కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

"తప్పు నీది కాదు తల్లీ, నా నోటిది" అన్నాడు. తరువాత వాణి భుజం తడిమి పట్టుకున్నాడు. "ఇంక నేను ఒక్క మాట చెప్పను అమ్మిణీ. నీ చేతికి ఏది తోస్తే అది ఆడు."

వాణి లేచి వెళ్ళింది. తలుపు మూసుకుంది.

నాలుగో ఆట మొదటి నాలుగు పాయింట్లూ తడబాటుగానే సాగాయి. రేడియో ఆగిపోయిన ఇంట్లో నడుస్తున్నట్టుంది ఆమె అడుగు. ఇరవైరెండేళ్ళలో తండ్రి మాట లేకుండా ఆడిన ఆట ఒక్కటీ లేదు. ఆండియప్ప పెదవులు బిగబట్టి కూర్చున్నాడు. చెప్పాలని నాలుక దురద పుడుతోంది.

అప్పుడు ఒక చప్పుడు వచ్చింది.

దీపావళి బాంబు కాదు, తలుపు విసిరికొట్టడం కాదు. బంతి ఎదురు గోడకు తగిలిన చప్పుడే. తగిలిన దెబ్బకు వెనక అద్దం గోడ అదిరి, ఆయన మోకాలికి తెలిసింది. ఆ సోలాపూర్ పిల్ల భుజంలో బలం ఉందే అనుకున్నాడు. మళ్ళీ వచ్చింది. మళ్ళీ. బూటు కీచుమన్నది ఎడమవైపు, అది వాణి బూటు. ఊపిరి వాణిది. చప్పుడు కూడా వాణిదేనని ఒప్పుకోవడానికి ఆయనకు మూడు పాయింట్లు పట్టింది.

ఇది ఏ చెయ్యి? ఆయన నేర్పిన చెయ్యి కాదు. ఏ కోచ్ మొత్తుకున్నా రాని చెయ్యి. బంతి గోడ నుంచి గోడకు ఉరుముతూ తిరుగుతోంది. బయట వరండా కప్పు మీది పావురాలు లేచి ఎగిరిపోయాయి. ఆండియప్ప ఆ చప్పుడులో మునిగిపోయాడు. మళ్ళీ తెల్లవారుజాము నాలుగున్నర అయింది, వీధి దీపం చాప నేల మీద పరుచుకుంది, పదేళ్ళ పిల్ల దాని మీద నిలబడి చెయ్యి చెవిదాకా ఎత్తి, పై గదిలో ఎవరు పడుకున్నారో, ఎవరి బువ్వ ఎక్కడ పోతుందో ఏమీ పట్టనట్టు, ఒక్కటి కొట్టింది. కోర్టంతా మోగింది. ఎవరూ దిగి రాలేదు. ఆ పిల్ల నవ్వింది. అట్లా నవ్వగా ఆయన ఎప్పుడూ వినలేదు.

నాలుగో ఆట వాణి గెలిచింది. బయటికి వచ్చి ఆయన ముందు కూర్చుంటే, ఆయన ఒక్క మాటా అనకుండా తువ్వాలు అందించాడు.

ఐదో ఆట ఎంతసేపు జరిగిందో చూపున్నవాళ్ళు గడియారం చూసి చెప్పాలి. ఆండియప్పకు అది గంట కాదు, నిమిషం కాదు. అందులో మెత్తనిదీ ఉంది, ఉరుమూ ఉంది. జోకొడుతున్నట్టు రెండు వేసి, మూడోది పిడుగులా. ఆ పిల్ల కూడా తక్కువది కాదు, పాదాలు ధన్‌ధన్‌మంటూనే ఎక్కడెక్కడినుంచో బంతిని తవ్వి తీస్తోంది. పది–పది అయింది. ఇద్దరిలో ఒకరు రెండు పాయింట్లు ముందుకు పోవాలి. పదకొండు–పదకొండు. పన్నెండు–పన్నెండు. ఒక పాయింటు ఆ పిల్లకు వచ్చింది. ఆ తరువాతి బంతికి వాణి ముందుకు దూకి, మోకాలి నొప్పి గొంతులోకి వచ్చి, అయినా ఆపకుండా, ఉన్న బలమంతా పెట్టి కొట్టింది.

టంగ్.

రెఫరీ నోరు తెరవకముందే, కూర్చున్నచోటే, ఊపిరితో అన్నట్టుగా, "డౌన్" అన్నాడు ఆండియప్ప. ముప్పైనాలుగేళ్ళ అలవాటు. సొంత కూతురైనా డౌన్ డౌనే.

చప్పట్లు కొట్టారు, కప్పు ఇచ్చారు, ఫోటోలు తీశారు. అన్నీ అయ్యాక లక్ష్మిప్రియ ఆయన దగ్గరికి వచ్చి పాదాలు తాకింది. వెళ్ళేముందు వంగి, చెవి దగ్గర, "తాతా, గా అక్క అంత జోర్ల కొడుతుంటే నేను ఇంకా ఏనుగు పిల్లనేనా?" అని అడిగి, జవాబుకు ఆగకుండా నవ్వుకుంటూ పోయింది.

జనం సర్దుకున్నారు. కుర్చీలు మడిచే చప్పుళ్ళు కూడా ఆగిపోయాయి. వాణి కోర్టు తలుపు దగ్గర నేల మీద కూర్చుని బూటు తాళ్ళు విప్పుతోంది. ఆమె ఏడవడం లేదు. ఏడిస్తే ఆయనకు తెలిసేది.

"సోమవారం కారమడై బస్సు ఎన్ని గంటలకు నైనా?" అని అడిగింది.

ఆండియప్ప ఎప్పుడో ఎవరో ఇచ్చిన పాత బంతి ఒకటి అరచేతిలో తిప్పుతూ ఉన్నాడు.

"ఆ సద్దు ఎప్పటినించి ఉండాది నీ దగ్గర?" అన్నాడు.

"మొదటినించి ఉండాది. నువ్వే గదా వద్దంటివి" అన్నది వాణి. నిష్ఠూరంగా కాదు, ఉన్న సంగతి చెప్పినట్టు అన్నది.

ఆ మాట ఆయనకు రేకు చప్పుడులా తగిలింది. ఈసారి బంతి ఎవరిదో ఆయనకు తెలుసు. ఇరవైరెండేళ్ళు కూతురి చెయ్యి మీద తన భయాన్ని కూర్చోబెట్టి, దానికి ఓపిక అని, నేర్పు అని పేరు పెట్టుకుని తిరిగాడు. సెక్రటరీ కాగితం ఇచ్చినా తను ఇవ్వలేదు.

"పళ్ళికూడానికి పోవద్దు. నేను మాట మార్చుకుంటాను" అన్నాడు.

వాణి బూటు తాడు మీద చెయ్యి ఆగిపోయింది. గడ్డి పీకుతూ కూడా డౌనే అన్న మనిషి నోట్లోంచి ఆ మాట రావడం ఆమె ఎన్నడూ వినలేదు. "ఓడిపోతిని గదా నైనా. కాలు కూడా..." అన్నది.

"కాలుకు వైద్యం ఉండాది. ఇంకొక ఏడాది ఆడు. నాకు కండ్లు ఎట్లాగూ లేవు, ఆ సద్దన్నా విననీ." చెయ్యి చాచి, వెచ్చబడ్డ బంతిని ఆమె వైపు పట్టుకున్నాడు. "లోపలికి పో. ఒక్కటి కొట్టు. గట్టిగా."

ఆమె బూటు తాళ్ళు మళ్ళీ కట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. తలుపు తెరుచుకుంది. ఖాళీ కోర్టులో నాలుగడుగులు, ఒక ఊపిరి.

గోడ మోగింది. అద్దం అదిరింది. సరిగ్గా కోర్టు మీద, ఒకప్పుడు సెక్రటరీ ఉండిన గదిలో, ఎవరో అతిథి కిటికీ తెరిచి ఏమిటా గోల అని కేకేశారు.

"ఇంకొకటి కొట్టు అమ్మిణీ" అన్నాడు ఆండియప్ప.